నిప్పుకూ పొగకూ మధ్య



నిప్పు లేనిదే పొగ రాదు. ఈ సామెత తెలియని తెలుగువారు ఉండరు. ఎవరి గురించైనా ఊళ్లో ఒక పుకారు పుడితే, దానికి సాక్ష్యంగా మనం ముందు చెప్పేది ఈ మాటే. కానీ ఈ సామెత నిజంగా ఎంత చెబుతోంది? పొగ కనిపించిందంటే దాని వెనక ఎక్కడో నిప్పు ఉందని చెబుతోంది, అంతవరకే. నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉంటుందని చెప్పడం లేదు. కమ్మరి కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనుప ముక్క ఎర్రగా కణకణలాడుతుంది. అందులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగను చూసి నిప్పు ఉందనడం ఒక మాట, నిప్పును చూసి పొగ ఉందనడం వేరొక మాట. వినడానికి రెండూ ఒకలాగే ఉంటాయి గనుక తొందరలో ఒకదాని బదులు మరొకటి పట్టుకుంటాం. లా కోర్సుల ప్రవేశ పరీక్షల్లో లాజికల్ రీజనింగ్ అనే విభాగం చాలావరకు ఈ తొందరనే పరీక్షిస్తుంది. ఆ విభాగాన్ని ఎలా చదవాలన్నది ఈనాటి విషయం. వేల ప్రశ్నలు గబగబా చేసుకుపోవడం వల్ల ఈ విద్య రాదు. కొన్ని ప్రశ్నలనే నిదానంగా తీసుకుని, ఆధారానికీ నిర్ధారణకూ మధ్య చెప్పకుండా వదిలేసిన మాట ఏమిటో వెతుక్కుంటూ చదివితే వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. అలా అలవడిన చూపు పరీక్ష రోజుతో తీరిపోదు, న్యాయవాదికి వృత్తి ఉన్నంతకాలం కావాలి.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. మన దేశంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే ఎక్కువ చోట్లకు రాయవలసింది క్లాట్. 2008కి ముందు ఏ విశ్వవిద్యాలయం పరీక్ష దానిదే. ఆ ఏడాది నుంచి ఉమ్మడి పరీక్ష వచ్చింది. హైదరాబాదులోని నల్సార్‌లో, విశాఖపట్నం దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరడానికీ ఇదే దారి. 2019 వరకు రెండు గంటల్లో 200 ప్రశ్నలు ఉండేవి. అప్పట్లో లాజికల్ రీజనింగ్ అనగానే రక్తసంబంధాలు, కోడింగ్, అంకెల వరసలు, బల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారనే చిక్కు లెక్కలు గుర్తొచ్చేవి. 2020లో పరీక్ష తీరు మారింది. ప్యాసేజ్ ఒకటి ఇచ్చి, అందులోని వాదన ఏమిటి, దానికి ఆధారం ఏమిటి, ఏ కొత్త సంగతి తెలిస్తే అది బలపడుతుంది, ఏది తెలిస్తే బలహీనపడుతుంది అని అడగడం మొదలైంది. 2024 ప్రవేశాల పరీక్ష నుంచి ప్రశ్నలు 120కి తగ్గాయి, సమయం మాత్రం అవే రెండు గంటలు. వాటిలో లాజికల్ రీజనింగ్‌కు 22 నుంచి 26 ప్రశ్నలు, అంటే దాదాపు ఐదో వంతు. సరైన జవాబుకు ఒక మార్కు వస్తుంది, తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. అమెరికాలో లా కాలేజీల ప్రవేశానికి 1948 నుంచి జరుగుతున్న ఎల్‌శాట్ కూడా ఇదే వైపు నడిచింది. బొమ్మలు గీసుకుని చేయాల్సిన లాజిక్ గేమ్స్ తమకు అన్యాయమని చూపులేని అభ్యర్థులు కోర్టుకు వెళ్లారు. 2019లో రాజీ కుదిరింది, 2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్నే తీసేశారు. ఇప్పుడు అక్కడ మార్కులు లెక్కించే మూడు విభాగాల్లో రెండు లాజికల్ రీజనింగే. రెండు దేశాల్లో కారణాలు వేరు, చేరిన చోటు మాత్రం ఒకటి. చిక్కు లెక్కల బరువు తగ్గింది, మనుషులు రోజూ చేసే వాదనలను తూచి చూడగలరా లేదా అన్నది ముందుకు వచ్చింది.

ఇలాంటి ప్రశ్న ఒకటి ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఒక ఊరు ఉందనుకోండి. సెప్టెంబరులో ఆ ఊళ్లో వాటర్ ప్లాంట్ పెట్టారు. అంతకుముందు జూలై, ఆగస్టు నెలల్లో విరేచనాలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నెలకు 40 మంది వచ్చేవారు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ సంఖ్య పదికి పడిపోయింది. కాబట్టి వాటర్ ప్లాంట్ వల్లే జబ్బులు తగ్గాయని పంచాయతీ వాళ్లు అన్నారు. వాదన ఇంతే. వినగానే నిజమే కదా అనిపిస్తుంది. ఇందులో "కాబట్టి" అన్న మాట దగ్గర ఆగండి. దానికి ముందున్నవి ఆధారాలు, దాని తరవాత వచ్చింది నిర్ధారణ. ఆధారాల్లో ఉన్నది ఒక వరస మాత్రమే, ముందు ప్లాంట్ వచ్చింది, తరవాత కేసులు తగ్గాయి. నిర్ధారణలో ఉన్నది ఒక కారణం. వరసను కారణంగా మార్చిన మాట మధ్యలో ఎక్కడా చెప్పలేదు. ఈ కేసులు తగ్గడానికి వేరే ఏ కారణమూ లేదన్నదే ఆ చెప్పని మాట. విద్యార్థులు దీన్నే అజంప్షన్ అంటారు. ఇది వాదనకు అవసరమా కాదా అని తేల్చుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది, దాన్ని తిరగేసి చూడటం. "వేరే కారణం ఉంది, వానలు వెనకబట్టాక మామూలుగానే ఇలాంటి కేసులు తగ్గుతాయి" అనుకుని చూడండి. వాదన నిలుస్తుందా? నిలవదు. తిరగేస్తే వాదన కూలిపోయిందంటే, ఇంతసేపూ దాన్ని మోస్తున్నది ఆ చెప్పని మాటేనని అర్థం.

ఇప్పుడు ప్రశ్న. ఈ వాదనను ఎక్కువగా బలహీనపరిచేది ఏది? ఆప్షన్లు నాలుగు. ఒకటి, ప్లాంట్ నీళ్ల ధర పేదలకు భారంగా ఉంది. రెండు, డిసెంబరులో కూడా ఆ ఊళ్లో పది మందికి విరేచనాలు అయ్యాయి. మూడు, ప్లాంట్ లేని పక్క ఊళ్లలోనూ అదే కాలంలో కేసులు అంతే మేరకు తగ్గాయి. నాలుగు, శుభ్రమైన నీళ్లు తాగితే జబ్బులు తగ్గుతాయని వైద్యులు చెబుతారు. జవాబు మూడోదని చాలామంది గుర్తుపడతారు. అక్కడితో పేజీ తిప్పేస్తే నేర్చుకోవలసింది సగం కూడా నేర్చుకోనట్టే. మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కో వాక్యంలో చెప్పగలగాలి. మొదటిది నిజమే కావచ్చు, మనసుకు బాధ కూడా కలిగిస్తుంది. కానీ అది ప్లాంట్ మంచిదా కాదా అన్న వేరే చర్చ, జబ్బులు దేనివల్ల తగ్గాయన్నదాన్ని అది తాకదు. రెండోది వాదనలో లేని మాటను వాదనకు అంటగడుతోంది. కేసులు తగ్గాయన్నారే గాని పూర్తిగా పోయాయని ఎవరూ అనలేదు. నాలుగోది వాదనను బలహీనపరచడం లేదు సరికదా, దానికే కొంచెం ఊతమిస్తోంది. ఒకటి విషయం తప్పింది, రెండోది మోతాదు తప్పింది, నాలుగోది దిక్కు తప్పింది. లాజికల్ రీజనింగ్‌లో తప్పు ఆప్షన్లు లెక్కలేనన్ని ఉన్నట్టు కనిపిస్తాయి గాని, తప్పే తీరులు కొన్నే. ఒక్కోదాన్ని పేరు పెట్టి పట్టుకోవడం అలవాటైతే, ఎన్నడూ చూడని ప్యాసేజ్‌లో కూడా పాత తప్పు కొత్త బట్టలు కట్టుకుని వచ్చిందని తెలిసిపోతుంది.

ఇదంతా పడమటి నుంచి మనకు కొత్తగా వచ్చిన విద్య అనుకోనక్కరలేదు. 17వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాశాడు. కొత్తగా చదువుకునేవాళ్లకు తర్కం సులువుగా అర్థం కావాలన్నది ఆయన ఉద్దేశం. దేశమంతటా తర్కం మొదలుపెట్టేవారు తరతరాలుగా ఆ పుస్తకమే చేతపట్టారు. అందులో చర్చించే ఉదాహరణలు కూడా మన సామెతలోని నిప్పూ పొగే. వంటింట్లో పొగతో పాటు నిప్పు చూశాం కాబట్టి, కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉందనుకోవడం సరే. నిప్పు లేని చెరువులో పొగ ఉండదు కాబట్టి, ఆ వైపు నుంచి చూసినా సరే. మొదటిదాన్ని అన్వయం అన్నారు, రెండోదాన్ని వ్యతిరేకం అన్నారు. మన సామెత ఈ రెండోదే. మరి నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే ఎందుకు కుదరదు? తర్కశాస్త్రం దానికి చెప్పిన జవాబు చాలా సూక్ష్మమైనది. పొగకు నిప్పు ఒక్కటే చాలదు, కట్టె పచ్చిదై తడిగా ఉండాలి. ఈ తడి కట్టె అనే చెప్పని షరతుకు ఉపాధి అని పేరు పెట్టారు. వంటింట్లో పొగ చూసినవాడు నిప్పునే గమనించాడు, కట్టెలోని తడిని గమనించలేదు. వాటర్ ప్లాంట్ వాదనలో వానాకాలం వెళ్లిపోవడాన్ని గమనించనివాడి పొరపాటూ ఇలాంటిదే. మాట వాడకంలో కొంత తేడా ఉన్నా, ఉపాధిని వెతికినవాడూ అజంప్షన్‌ను వెతికేవాడూ వేసుకునే ప్రశ్న ఒకటే. ఇక్కడ నాకు కనబడకుండా ఉన్న తడి కట్టె ఏది?

ఈ చూపుకూ న్యాయవృత్తికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లు ఉంటారు. సెక్షన్లు తెలిస్తే చాలదా అంటారు. సెక్షన్ల లోపలికే వెళ్లి చూద్దాం. 1872 నాటి సాక్ష్య చట్టంలో 114వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే ఇప్పుడు 119వ సెక్షన్. దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఒకడి దగ్గర దొరికి, అది తన దగ్గరికి ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోతే, అతనే దొంగ అని గాని, దొంగసొత్తని తెలిసి తీసుకున్నాడని గాని కోర్టు భావించవచ్చు. అలా భావించి తీరాలని మాత్రం చట్టం అనలేదు. వెంటనే ఎదురు ఉదాహరణ కూడా ఇచ్చింది. గుర్తుపెట్టిన రూపాయి ఒకటి దొంగతనమైన కాసేపటికే దుకాణదారుడి గల్లాపెట్టెలో దొరికింది. ఆ రూపాయి ఎవరిచ్చారో అతను చెప్పలేడు. కానీ రోజంతా చేతులు మారుతూ రూపాయలు రావడమే అతని వ్యాపారం. సొత్తు దొరకడం రెండుచోట్లా ఒకటే, వివరం చెప్పలేకపోవడం రెండుచోట్లా ఒకటే. అయినా ఒకచోట అనుమానం బలంగా ఉంది, మరోచోట సన్నగిల్లింది. తేడా తెచ్చింది గల్లాపెట్టె. అదీ ఇక్కడి తడి కట్టె. చట్టం రాసినవాళ్లే తమ సూత్రం పక్కన ఇలాంటి ఉదాహరణ పెట్టారంటే, సూత్రం వచ్చినంత మాత్రాన దాన్ని వాడటం వచ్చినట్టు కాదని వాళ్లకు తెలుసు.

సుప్రీంకోర్టు తీర్పుల్లో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1973లో శివాజీ సాహెబ్‌రావు బోబడే కేసులో, నిందితుడు నేరం చేసి ఉండవచ్చు అనడానికీ, చేసి ఉండక తప్పదు అనడానికీ మధ్య దూరం చాలా ఎక్కువని, ఊహలను ఖాయమైన నిర్ధారణల నుంచి వేరుచేసేది ఆ దూరమేనని కోర్టు అభిప్రాయపడింది. 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో, కళ్లారా చూసిన సాక్షి లేకుండా పరిస్థితులే సాక్ష్యమైనప్పుడు పాటించవలసిన అయిదు సూత్రాలు చెప్పింది. వాటిలో ఒకటి, రుజువైన పరిస్థితులు నిందితుడి నేరానికి తప్ప మరే వివరణకూ చోటివ్వకూడదు. దీన్ని పరీక్ష గదిలోకి తెచ్చి చూడండి. ప్యాసేజ్‌ను బట్టి నిజమయ్యే అవకాశం ఉన్నది ఏది అని ఒక ప్రశ్న అడుగుతుంది. ప్యాసేజ్‌ను బట్టి నిజం కాక తప్పనిది ఏది అని మరో ప్రశ్న అడుగుతుంది. చాలామంది ఈ రెంటినీ ఒకేలా చదివి మార్కు పోగొట్టుకుంటారు. హాల్లో అలా చదివినవాడు పోగొట్టుకునేది మార్కూ పావు. కోర్టులో అలా చదివితే పోయేది ఒక మనిషి జీవితంలోని ఏళ్లు. పరీక్ష చిన్నదే, అది అడిగే ప్రశ్న మాత్రం చిన్నది కాదు.

మరి ఎలా చదవాలి? ఇంతవరకూ చూసినదాన్ని బట్టే పద్ధతి తేలుతుంది. రోజుకు రెండు ప్యాసేజ్‌లు చాలు. మొదట గడియారం పక్కన పెట్టి చదవాలి. చదవగానే ఆప్షన్ల వైపు చూడకుండా, ఈ రచయిత నన్ను దేనికి ఒప్పించాలనుకుంటున్నాడు అని ఒక వాక్యంలో సొంత మాటల్లో రాసుకోవాలి. దానికి ఇచ్చిన ఆధారాలు ఇంకో వాక్యంలో రాయాలి. రెంటికీ మధ్య చెప్పని మాట మూడో వాక్యం. ఆ తరవాతే ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకూ సరైన ఆప్షన్ ఎందుకు సరైనదో ఒక్కసారి, మిగతా మూడూ ఎందుకు కావో మూడుసార్లు రాయాలి. కీ చూశాక తప్పయిన ప్రశ్నను వేరే నోటుబుక్కులోకి ఎక్కించి, తాను ఏ తీరున పొరబడ్డాడో పక్కన రాసుకోవాలి. విషయం తప్పానా, మోతాదు తప్పానా, కావచ్చును కాక తప్పదు అనుకున్నానా అని. రెండు నెలలు ఇలా చేసినవాడి నోటుబుక్కు తిరగేస్తే, ఇరవై రకాల పొరపాట్లు కనిపించవు. రెండో మూడో పదేపదే కనిపిస్తాయి. అవే ఆ విద్యార్థి సొంత సిలబస్. వాటిని ఏ పుస్తకమూ ముందుగా అచ్చువేసి ఇవ్వలేదు.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం సమయం గురించి. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, మధ్యలో చదవాల్సిన ప్యాసేజ్‌లు. ప్రశ్నకు నిమిషం కూడా లేనిచోట నిదానంగా చదవమంటే ఎలాగని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే నేర్చుకునేటప్పటి వేగం వేరు, రాసేటప్పటి వేగం వేరు. సంగీతం నేర్చుకునేవారికి ముందు సరళీ స్వరాలు మొదటి కాలంలో పాడిస్తారు. అక్కడ శుద్ధంగా పలికాకే రెండో కాలం, మూడో కాలం. మొదటి కాలంలో తప్పిన స్వరం మూడో కాలంలో సరికాదు, తప్పు మరింత గట్టిపడుతుంది. లాజికల్ రీజనింగ్‌లోనూ వేగం అలాగే వస్తుంది. విద్యార్థి సమయమంతా ఎక్కడ పోతోందో గమనించండి. ప్యాసేజ్ చదవడంలో కంటే, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడి, మళ్లీ ప్యాసేజ్‌కు వెళ్లి, మళ్లీ ఆప్షన్లకు రావడంలో ఎక్కువ పోతుంది. చెప్పని మాట ఏమిటో ముందే తెలిసినవాడికి ఆ తిరుగుడు తగ్గుతుంది. మాక్ టెస్టులు వద్దని నేను అనడం లేదు. చివరి రెండు నెలలు గడియారం పెట్టుకుని రాయక తప్పదు, ఏ ప్రశ్నను వదిలేయాలో అప్పుడే తెలుస్తుంది. కానీ మాక్ టెస్టు కొలబద్ద మాత్రమే. రోజూ కొలుచుకున్నంత మాత్రాన పిల్లవాడు పొడుగు పెరగడు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. తర్కబుద్ధి పుట్టుకతో రావాలి గాని చదివితే వస్తుందా అంటారు. దీనికి జవాబుగా ఒక ప్రయోగం చెబుతాను. 1966లో పీటర్ వేసన్ అనే ఆంగ్ల మనస్తత్వవేత్త ఒక చిన్న పరీక్ష తయారుచేశాడు. బల్ల మీద నాలుగు కార్డులు ఉంటాయి. ప్రతి కార్డుకూ ఒకవైపు ఇంగ్లీషు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనిపించేవి ఏ, కె, 4, 7. ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలన్నది నియమం. నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? ఎక్కువమంది ఏ, 4 అన్నారు. సరైన జవాబు ఏ, 7. సరిసంఖ్య వెనక ఏ అక్షరం ఉన్నా నియమానికి భంగం లేదు. 7 వెనక అచ్చు ఉంటేనే నియమం తప్పినట్టు. చదువుకున్నవారిలోనూ సరిగా చెప్పినవారు పదింట ఒక వంతుకు అటూ ఇటూగానే ఉంటూ వచ్చారు. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే పరిశోధకులు ఫ్లోరిడాలో ఇదే పరీక్షను అక్కడి విద్యార్థులకు తెలిసిన నియమంగా మార్చారు. బీరు తాగుతున్నవాడికి 19 ఏళ్లు దాటి ఉండాలి, మరి ఎవరెవరిని తనిఖీ చేయాలి? ఈసారి నాలుగింట మూడు వంతులకు దగ్గరగా సరైన జవాబు చెప్పారు. అందులోని తర్కం ఒకటే, మారింది తెలిసిన తావు. మన సిటీ బస్సులోనే చూడండి. పాస్ చూపించిన విద్యార్థి దగ్గర కాలేజీ గుర్తింపు కార్డు ఉండాలన్నది నియమం అనుకుందాం. కండక్టర్ ఎవరిని అడుగుతాడు? పాస్ చూపించినవాడిని కార్డు అడుగుతాడు, కార్డు లేదన్నవాడిని పాస్ మీద ఎక్కావా అని అడుగుతాడు. టికెట్ కొన్నవాడి జోలికి పోడు, కార్డు ఉన్నవాడి జోలికీ పోడు. ఏ తర్కశాస్త్రమూ చదవకుండానే అతను 7 కార్డును తిప్పుతున్నాడు. బుద్ధి మనలో ఉంది, తెలియని చోట అది తడబడుతుంది. కొత్త ప్యాసేజ్‌ను తెలిసిన తావుకు తెచ్చుకోవడం నేర్చుకోదగిన పనే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు 2012లో మరో సంగతి బయటపెట్టారు. ఎల్‌శాట్ కోసం మూడు నెలల్లో సుమారు 100 గంటల శిక్షణ తీసుకున్న యువకుల మెదళ్లను శిక్షణకు ముందూ తరవాతా స్కాన్ చేసి, శిక్షణ తీసుకోనివారితో పోల్చారు. ఆలోచనకు సంబంధించిన భాగాలను కలిపే నరాల దారుల్లో మార్పు కనిపించింది. చూసింది కొద్దిమందినే. ఇక్కడ మన విద్యనే మనం ప్రయోగించుకోవాలి. మెదడులో మార్పు వచ్చింది కాబట్టి జీవితంలో అన్ని విషయాల్లోనూ వాళ్లు బాగా ఆలోచిస్తారని ఈ అధ్యయనం రుజువు చేయదు, మధ్యలో చాలా దూరం ఉంది. అయితే ఒక్కటి మాత్రం చెబుతుంది. ఈ శక్తి పుట్టినప్పుడు ఎంత ఉందో అంతే ఉండిపోతుందన్న మాటను ఇక గట్టిగా అనలేం.

మూడో అభ్యంతరం మన పిల్లలకు దగ్గరది. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయి తర్కంలో ఎంత గట్టిదైనా, ప్యాసేజ్ దగ్గరే వెనకబడుతుంది. ఇది నిజమైన అన్యాయం, దీన్ని చదువు పద్ధతితో కప్పిపుచ్చకూడదు. మన రెండు రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తున్నప్పుడు, దేశం మొత్తానికి ఉమ్మడి పరీక్ష ఒకే భాషలో ఎందుకుండాలన్నది అడిగి తీరవలసిన ప్రశ్న. ఆ మార్పు వచ్చేదాకా ఆ అమ్మాయి ఏం చేయాలి? తర్కాన్ని ముందు తెలుగులోనే నేర్చుకోవాలి. తెలుగు ఇందుకు ఎంత సాయపడుతుందో ఒక్క అక్షరంలో చూపిస్తాను. "వాన పడితే పంట పండుతుంది" అంటే వాన ఒక్కటి చాలు, పంటకు భరోసా ఉందని. "వాన పడితేనే పంట పండుతుంది" అంటే వాన లేకుండా పంట లేదని, వాన పడినా పంట పండుతుందన్న హామీ మాత్రం లేదని. ఎరువు కావాలి, పురుగు పట్టకూడదు, ఇంకా ఎన్నో. ఒక్క "నే" చేరగానే చాలు అన్నది తప్పనిసరి అన్నదిగా మారిపోయింది. ఇంగ్లీషులో "ఇఫ్", "ఓన్లీ ఇఫ్" మధ్య తేడా ఇదే. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు కూడా దీని దగ్గరే ఎక్కువగా తడబడతారు. "అన్‌లెస్" వచ్చిన చోట "తప్ప" అని, "సమ్" వచ్చిన చోట "కనీసం ఒక్కటైనా" అని చదువుకోవాలి. "మోస్ట్" అంటే "సగానికి మించి", అంతే గాని "అన్నీ" కాదు. వాదనను మలుపు తిప్పే ఇలాంటి మాటలు ఇంగ్లీషులో ఓ ముప్పై ఉంటాయి. వీటిని తెలుగులో అర్థం చేసుకున్న విద్యార్థికి ప్యాసేజ్‌లోని మిగతా కష్టం పదజాలానిదే. అది రోజుకో సంపాదకీయం చదివితే నెమ్మదిగా తగ్గుతుంది. కోచింగ్‌కు వేలకు వేలు పెట్టలేని ఇంట్లో కూడా ఇది సాగుతుంది. పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి, వార్తాపత్రిక గ్రంథాలయంలో ఉంటుంది, తప్పుల నోటుబుక్కుకు అయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

చివరిగా, మనసు తాకే అభ్యంతరం ఒకటుంది. న్యాయానికి కావలసింది కరుణ గదా, ఈ తర్కంతో వచ్చేది వాదులాటే కదా అంటారు. కరుణ కావాలి, కాదనలేం. కానీ మన ఊళ్లలో జరిగే అన్యాయాలు ఎలా మొదలవుతాయో చూడండి. ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టాక పెద్దాయన చనిపోయాడు, కాబట్టి ఆమె కాలు మంచిది కాదంటారు. ఆ ఇంటికి వెళ్లొచ్చాక పిల్లవాడికి జ్వరం తగిలింది, కాబట్టి ఆ ముసలమ్మ చేతబడి చేసిందంటారు. దొంగతనం జరిగిన రాత్రి ఆ కుర్రవాడు వీధిలో కనిపించాడు, కాబట్టి వాడే దొంగంటారు. ప్రతిచోటా ఒక వరస ఉంది, ఒక "కాబట్టి" ఉంది, మధ్యలో ఎవరూ అడగని మాట ఒకటి ఉంది. ఆ మనుషుల మీద జాలిపడితే మాత్రమే చాలదు. ఆ "కాబట్టి" దగ్గర ఆగి, మధ్యలో ఏముందని అడిగే మనిషి కావాలి. అక్కడ తర్కం కరుణకు అడ్డు రాదు, కరుణ చేయాలనుకున్న పనిని చేసి పెడుతుంది.

అందుకే ఈ విభాగాన్ని గట్టెక్కాల్సిన గండంలా చూడవద్దని విద్యార్థులను కోరుతున్నాను. పిల్లల చదువు చూసే తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఒక మనవి. ఈ రోజు ఎన్ని ప్రశ్నలు చేశావని అడిగేచోట, ఆ ఆప్షన్ ఎందుకు తప్పో నాకు చెప్పు అని అడగండి. జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించడంలోనే ఆ బిడ్డకు సగం చదువు పూర్తవుతుంది. ఈసారి ఊళ్లో ఎవరి మీదైనా పుకారు పుట్టి, నిప్పు లేనిదే పొగ రాదని ఎవరైనా అంటే, ఆ బిడ్డ అడగవలసినవి రెండు ప్రశ్నలు. మీరు చూసింది పొగేనా, పొగమంచా? ఆ మంటలో తడి కట్టె ఎవరు వేశారు?